గోల్కొండలో ట్రైనింగ్, ఊళ్లో మనసు: రిక్రూట్లూ, వాళ్ల కోసం ఎదురుచూసే అమ్మాయిలూ తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఆర్మీ రిక్రూట్లకు ట్రైనింగ్ ఇచ్చే సెంటర్లలో ముఖ్యమైనవి మూడు. గోల్కొండలో 1962 నుంచి ఉన్న ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్ ఒకటి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, తిరుమలగిరి వైపు ఈఎంఈ (ఆర్మీ యంత్రాలు, వాహనాల మరమ్మతు విభాగం) సెంటర్, ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి సరఫరా విభాగం) సెంటర్ మిగతా రెండు. ఈ మూడింటిలో చేరిన అబ్బాయిలు, ఊళ్లో వాళ్ల ఉత్తరం కోసమో ఫోన్ కోసమో చూసే అమ్మాయిలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులివి. సెంటర్‌కో పద్ధతి ఉంటుంది, బ్యాచ్‌కో మార్పు వస్తుంది. అందుకని ఇక్కడ రాసినదానికీ, మీ బ్యాటరీ (ఆర్టిలరీలో కంపెనీ లాంటి దళం) హవల్దార్ మేజర్ చెప్పినదానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

ట్రైనింగ్ ఎన్నాళ్లు? మధ్యలో ఒక్కసారైనా ఇంటికి పంపుతారా?

అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ల కొలువుకు, చేరినవారికి ట్రేడును బట్టి ఆరేడు నెలలు. మొదట బేసిక్: పీటీ, డ్రిల్లు, ఆయుధాల పరిచయం, ఫైరింగ్. తర్వాత ట్రేడు పని. ఏడాదికి 30 రోజుల సెలవు అన్న మాట నిజమే గానీ, అది ట్రైనింగ్ నడుమ ఎప్పుడంటే అప్పుడు అడిగి తీసుకునేది కాదు. ఇంట్లో చావు, తల్లిదండ్రుల ప్రాణాపాయం లాంటివి ఉంటే కాగితాలు చూసి పంపుతారు. ప్రేమించిన అమ్మాయికి జ్వరం అన్నది ఆ జాబితాలోకి రాదు.

కొత్త జంటల్ని ఆషాఢం పేరుతో ఒక నెల విడదీస్తేనే ఇల్లంతా గుసగుసలు. మీది ఆరు ఆషాఢాలు అనుకోండి. "పండక్కి వచ్చేస్తాను" అని మాత్రం రైలెక్కేముందు చెప్పకండి. ఈ పేజీలో ఉన్న కష్టాల్లో సగం ఆ మాట నుంచే పుడతాయి.

ఫోన్ దగ్గర ఉంచుకోనిస్తారా?

ఉంచుకోనివ్వరనే అనుకుని వెళ్లండి. సాధారణంగా మొదటి రోజుల్లోనే ఫోన్లు తీసుకుని పేరు రాసి దాచిపెడతారు. ఆదివారమో సెలవు రోజో కొంతసేపు ఇస్తారు. కొన్నిచోట్ల సెంటర్ లోపలి బూత్ నుంచి చేసుకోనిస్తారు. ఎవరిదో ఫోన్ దుప్పటి కింద దాచుకుని అర్ధరాత్రి మాట్లాడితే దొరక్కపోవడం అరుదు. చీకటి బ్యారక్‌లో స్క్రీన్ వెలుగు ఆ మూలకి కనిపిస్తుంది. శిక్ష మీ ఒక్కరితో ఆగదు, పక్క మంచాల వాళ్లు కూడా మీతో కలిసి ఫ్రంట్‌రోల్ కొడతారు. ఆ తర్వాత వారం రోజులు మీ ముఖం ఎవరూ చూడరు.

వారానికి పది నిమిషాలు దొరుకుతాయి. "ఇంకేంటి", "నువ్వే చెప్పు" తోనే అయిపోతున్నాయి. ఏం చేయాలి?

చీటీ రాసుకోండి. వారమంతా జేబులో చిన్న కాగితం ఉంచుకుని, చెప్పాలనిపించినప్పుడల్లా ఒక్క ముక్క రాయండి: "కాలి బొబ్బ తగ్గింది", "మెస్‌లో ఇడ్లీ", "విజయనగరం కుర్రాడు". ఆదివారం ఆ చీటీ చూసి మాట్లాడండి. అవతల ఆమె కూడా అంతే.

వరస కూడా ముఖ్యం. మొదటి రెండు నిమిషాలు కబుర్లు, క్షేమం. తర్వాత తేల్చుకోవాల్సిన విషయం ఏదైనా ఉంటే అది. చివరి మూడు నిమిషాలు ఖాళీగా, ఏమీ పెట్టుకోకుండా వదిలేయండి. అలకలు, అనుమానాలు చివర్లో ఎత్తకండి. తొమ్మిదో నిమిషంలో "ఆ పెళ్లికి వెళ్లినట్టు నాకెందుకు చెప్పలేదు" అని మొదలుపెడితే పదో నిమిషంలో ఫోన్ ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చే ఆయన) చేతికి వెళ్లిపోతుంది. ఆ ప్రశ్న మళ్లీ ఆదివారం దాకా ఇద్దరి గొంతులోనూ ముల్లులా ఉంటుంది. కోపం వచ్చిన సంగతి ఉత్తరంలో రాయడమే మేలు. రాసేలోపు సగం చల్లారుతుంది.

ఇంకొకటి. అమ్మకు ముందు చేయండి. అమ్మ ఫోన్ తర్వాత ఆమెకు మిగిలేది ఆరు నిమిషాలే అయినా సరే. "అమ్మకు చేయకుండా ఆ పిల్లకు చేశాడు" అన్న మాట ఊళ్లో ఒకసారి పుడితే, రేపు ఆ పిల్ల ఆ ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు కూడా అది గడప మీద కూర్చునే ఉంటుంది.

అతను చేశానంటాడు, నాకు మాత్రం మోగదు. ఎందుకు?

చాలావరకు కారణం మీ ఫోన్‌లోనే ఉంటుంది. సెంటర్ ల్యాండ్‌లైన్ నుంచి చేస్తే నంబరు 040తో మొదలవుతుంది. లోన్లు అమ్మేవాళ్లు కూడా హైదరాబాద్ నుంచి అదే 040తో చేస్తారు. దాంతో స్పామ్ అడ్డుకునే యాప్ అతని కాల్‌నీ ఆ గంపలోనే వేసేస్తుంది. తెలియని నంబర్లను మోగకుండా చేసే సెట్టింగ్ ఆదివారాలు తీసేయండి. బ్లాక్ జాబితా ఒకసారి తెరిచి చూడండి. కాల్ వచ్చిన నంబరు సేవ్ చేసుకోవచ్చు గానీ, తిరిగి చేసి "ఫలానా అతన్ని పిలవండి" అనకండి. అటు ఎత్తేది డ్యూటీలో ఉన్న మనిషి.

ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేనా?

ట్రైనింగ్ సెంటర్లో, అవును. ఫోన్ వారానికోసారి. ఉత్తరం ఏ రోజైనా రావచ్చు, ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. రోల్‌కాల్ దగ్గర డాక్ పంచేటప్పుడు పేరు పిలిస్తే ఆ మనిషి నడక మారిపోతుంది. అదంతా సరే, పని జరగాలంటే కొలతలు తెలియాలి.

పోస్టుకార్డు 50 పైసలు. దారిలో అందరూ చదువుతారు, క్షేమ సమాచారానికి తప్ప వాడకండి. ఇన్‌లాండ్ లెటర్ 2 రూపాయల 50 పైసలు. నీలం కాగితం, మూడు మడతలు. దాని లోపల ఫొటో గానీ, పువ్వు గానీ, ఇంకో కాగితం గానీ పెట్టకూడదని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది: గమ్ అంటించే అంచు మీద కూడా రాసేస్తారు. విప్పేటప్పుడు సరిగ్గా ఆ చివరి రెండు లైన్లే చిరుగుతాయి, ముఖ్యమైన మాట ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అంచు నుంచి వేలెడు జాగా వదలండి. అవతలివారు చేత్తో లాగకుండా బ్లేడుతోనో స్కేలుతోనో తెరవాలి.

కవరుకు 20 గ్రాముల దాకా 5 రూపాయలు. మామూలు 75 జీఎస్ఎం ఏ4 కాగితం ఒకటి దాదాపు 4.7 గ్రాములు తూగుతుంది. కవరు బరువు కలుపుకుంటే మూడు కాగితాలు హాయిగా వెళ్తాయి. ఫొటో పెడితే రెండు కాగితాలకు దిగండి. బరువు మించి స్టాంపు బిళ్ల తక్కువైతే అది బేరింగ్ అవుతుంది. తక్కువైనదానికి రెట్టింపు అందుకునేవాడి దగ్గర వసూలు చేస్తారు. రిక్రూట్ మెస్‌కో పీటీకో వెళ్లినప్పుడు ఆ డబ్బు కట్టేవారెవరూ ఉండరు, ఉత్తరం వెనక్కి పోతుంది.

శ్రీకాకుళం, అనంతపురం లాంటి దూరాల నుంచి హైదరాబాద్‌కు మామూలు పోస్టు నాలుగైదు రోజులు అనుకోండి. పల్లె నుంచి అయితే ఇంకో రోజు. అందుకని ఉత్తరాలు ఎదురెదురు దాటుకుంటాయి. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు రాకముందే ఆమె ఇంకో ఉత్తరం వచ్చేస్తుంది, "నా మాట పట్టించుకోలేదు" అనిపిస్తుంది. దీనికి మందు అంకె వేయడం. పైన కుడి మూలన తేదీ, కింద "6వ ఉత్తరం. నీ 4 అందింది" అని రాయండి. ఏది దారిలో ఉందో, ఏది పోయిందో ఇద్దరికీ తెలిసిపోతుంది. అలకల్లో మూడొంతులు ఈ ఒక్క లైనుతో తగ్గుతాయి.

అడ్రసులో నంబరు, ర్యాంకు, పేరు, బ్యాటరీ లేదా కంపెనీ, రెజిమెంట్, సెంటర్, పిన్‌కోడ్ అన్నీ ఉండాలి. ఒక్క బ్యాచ్‌లో సాయికుమార్‌లు ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. నంబరు లేని ఉత్తరం పక్క సాయికుమార్ చదివేస్తాడు. తప్పనిసరి కాగితాలకు స్పీడ్ పోస్టు వాడండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా అందులోనే కలిసిపోయింది, కౌంటర్‌లో వేరేగా అడిగినా దొరకదు.

ఉత్తరంలో ఏం రాయాలి? "బాగున్నాను, నువ్వు బాగున్నావా" దగ్గర ఆగిపోతున్నాను.

పెద్ద మాటల జోలికి పోకండి, చిన్న వస్తువు పట్టుకోండి. "నువ్వు లేక ప్రాణం పోతోంది" అన్నది మూడో ఉత్తరానికే పాతబడుతుంది. "డ్రిల్లు బూట్ల మడమ కింద గుర్రపునాడా లాంటి ఇనుప రేకు ఉంటుంది, నలభై మంది ఒక్కసారి థమ్ అంటే మీ ఇంటి దగ్గర దసరా డప్పు గుర్తొచ్చింది" అంటే ఆమెకు మీరున్న చోటు వినిపిస్తుంది. ఆమె వైపు నుంచి కూడా అంతే. వీధి కుళాయి నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, బర్రె ఈనిందా, డీఎస్సీ కోచింగ్ ఎక్కడిదాకా వచ్చింది, ఇలాంటివే లోపలున్నవాడికి బంగారం.

రాయకూడనివి కొన్నున్నాయి. ఏ ఆయుధం, ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉంచుతారు, ఎవరు ఎప్పుడు ఎక్కడికి కదులుతున్నారు, గేటు దగ్గర కాపలా ఎలా ఉంటుంది: ఇవేవీ ఉత్తరంలోనూ, ఫోన్‌లోనూ వద్దు. ఆమె మీద అపనమ్మకం ఉండి కాదు. కాగితానికి కాళ్లుంటాయి.

తెలుగులో రాస్తే ఇబ్బందా?

ఏమీ లేదు. అడ్రసు మాత్రం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయండి, పంచేవాళ్లకు చదవడం వస్తుంది.

ఆమె ఫొటో ఎక్కడ పెట్టుకోవాలి?

డైరీలో, జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, పెట్టెలో బట్టల మధ్య. పెట్టె మూత లోపల అంటించొద్దు. కిట్ లేఅవుట్ (సామాను పరిచి చూపించే తనిఖీ) రోజు మూత తెరిచే ఉంచాలి, ఉస్తాద్ ఒక్క మాట అంటే బ్యారక్ మొత్తం నెల రోజులు ఆ మాటే పాడుతుంది. టోపీ లోపల, ఐడీ కార్డు వెనక వద్దు: టోపీలో చెమటకు రెండు వారాల్లో రంగు పోతుంది, ఐడీ కార్డు చూపించే ప్రతిసారీ ఫొటో కింద పడుతుంది. మొబైల్‌లో తీసి ఇంక్‌జెట్‌లో అచ్చు వేసింది తడికి కరిగిపోతుంది. స్టూడియోలో కడిగించిన ఫొటో నయం.

బెంగ ఎప్పుడు ఎక్కువగా ఉంటుంది? ఎన్నాళ్లకు తగ్గుతుంది?

మొదటి మూడు వారాలు గట్టిది. విచిత్రం ఏమిటంటే, ఒళ్లు హూనమయ్యే పని ఉన్నంతసేపు అది దగ్గరికి రాదు. తెల్లవారుజామున లేచి గడ్డం గీసుకుని మంచం సర్దుకుని ఫాలిన్‌కు (వరసలో నిలబడటానికి) పరిగెత్తేవాడికి తీరిక ఎక్కడిది? ఖాళీ దొరికిన చోటే అది పట్టుకుంటుంది: ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత, రోల్‌కాల్ అయ్యాక లైట్లు ఆరేలోపు, రాత్రి సెంట్రీ (కాపలా) డ్యూటీలో. కాబట్టి ఆ మూడు సమయాలకే పని అంటగట్టండి. ఆదివారం మధ్యాహ్నం బట్టలు, బూటు పాలిష్, ఆ తర్వాత ఉత్తరం. లైట్లు ఆరేముందు బడ్డీతో (మీకు జోడీగా ఉండే తోటి రిక్రూట్‌తో) పది నిమిషాలు మాట. సెంట్రీలో మాత్రం ఆమె గురించి ఆలోచించొద్దు, అది డ్యూటీ.

హిందీ సరిగ్గా రాకపోవడం బెంగను రెట్టింపు చేస్తుంది. రోజంతా అర్థంకాని అరుపులు విని, మనసులో మాట చెప్పుకోవడానికి ఆమె ఒక్కతే ఉందన్నట్టు అనిపిస్తుంది. అది ప్రేమ కొంత, భాష కొంత. రోజుకు పది హిందీ మాటలు నేర్చుకుంటే ఆ రెండోది తగ్గుతుంది. తెలుగువాళ్లు ఎలాగూ ఉంటారు, కానీ వాళ్లతోనే మూలకు చేరితే హిందీ రాదు.

రెండు వారాలకు పైగా నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, ఊరికే ఏడుపు రావడం, చావాలన్న ఆలోచన: ఇందులో ఏది ఉన్నా అది బెంగ దాటిపోయింది. ఎంఐ రూమ్‌కు (సెంటర్ లోపలి వైద్యశాలకు) వెళ్లి డాక్టర్‌కు నేరుగా చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే. ముందు బడ్డీకి చెప్పి అతన్ని వెంట తీసుకెళ్లినా తప్పు లేదు. మానసిక ఇబ్బందులకు 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు డబ్బు పడదు, తెలుగులోనూ మాట్లాడతారు. సైనికుల కోసం 2023 డిసెంబరులో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో దానికి ప్రత్యేక విభాగం కూడా పెట్టారు. అమ్మాయిలకూ ఇదే నంబరు.

ఫైరింగ్‌లో గురి కుదరడం లేదు. ఆమె గుర్తొచ్చేనా?

ఉస్తాద్‌లు అలాగే వెక్కిరిస్తారు గానీ, కారణం సాధారణంగా నిద్ర, ఊపిరి. రాత్రి రెండింటిదాకా దొర్లినవాడి చేయి ఉదయం వణుకుతుంది. ఊపిరి సగం వదిలి ఆపి, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కాలి, లాగకూడదు. చెంప ప్రతిసారీ బట్ మీద ఒకేచోట ఆనాలి. గుళ్లన్నీ ఒకేచోట గుంపుగా పడి టార్గెట్‌కు పక్కన ఉన్నాయంటే తప్పు సైటుది, అది సర్దుకుంటుంది. చెల్లాచెదురుగా పడుతున్నాయంటే తప్పు మీది. టెస్టుల్లో మళ్లీ మళ్లీ తప్పితే వెనక బ్యాచ్‌కు వేస్తారు, దాన్నే రెలిగేట్ అంటారు. అప్పుడు ఇంటికి వెళ్లే రోజు ఇంకా దూరమవుతుంది. ఫైరింగ్ ముందురోజు రాత్రి పాత ఉత్తరాలు బయటికి తీయకండి, చాలు.

ఒక్క రాత్రికి గోడ దూకి వెళ్లి వచ్చేస్తే?

వద్దు. ఆర్మీ యాక్ట్ 1950లో 39వ సెక్షన్ సెలవు లేకుండా గైర్హాజరు కావడం గురించే. మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం. 30 రోజులు దాటితే కోర్టు ఆఫ్ ఎంక్వైరీ పెట్టి పారిపోయినవాడిగా రాస్తారు, అది 38వ సెక్షన్ దాకా వెళ్తుంది. ఒక్క రాత్రికి జైలు పడకపోయినా, మీ మీద రాత మొదలవుతుంది. వెతుక్కుంటూ మొదట వెళ్లేది మీ ఇంటికి, ఆ తర్వాత ఆమె ఇంటికి. వాళ్ల వాకిట్లో పోలీసు జీపు ఆగాక ఆ ప్రేమను ఎవరూ కాపాడలేరు.

పార్సిల్ పంపొచ్చా? ఏం పంపాలి?

ముందు అతన్ని అడగండి. తినుబండారాలు లోపలికి రానివ్వని రోజులు కూడా ఉంటాయి. రానిస్తే ఇవి నిలుస్తాయి: జంతికలు, చేగోడీలు, సకినాలు, నువ్వుండలు, సున్నుండలు. అరిసెలు పంపితే నూనె బాగా ఒత్తి, ఒక రాత్రంతా ఆరనిచ్చి సర్దండి. వేడిమీద డబ్బాలో పెడితే మూతకు ఆవిరి పట్టి మూడో రోజుకే బూజు. పూతరేకులు పంపకండి, గోల్కొండ చేరేసరికి పొడి తినాల్సిందే. గాజు సీసాలో ఆవకాయ అంటే కిట్ మొత్తం నూనె.

ఎంత పంపాలన్నది అతని ఆకలి చూసి కాదు, చుట్టూ ఉన్న మంచాలు చూసి లెక్కేయాలి. కిలో సున్నుండలు బ్యారక్‌లో ఐదు నిమిషాలు. అతనికంటూ నాలుగు మిగలాలంటే వేరే చిన్న కవర్లో కట్టి, జంతికల అడుగున పెట్టండి.

తిండికంటే పనికొచ్చేవి ఉన్నాయి: సూది దారం, పిన్నీసులు, తెల్ల జేబురుమాళ్లు, కాలి బొబ్బలకు టేపు, తొడల మధ్య ఒరుపుకు, చెమటకు ఫంగస్ పౌడర్, రాసిన అడ్రసుతో పది కవర్లు బిళ్లలంటించి. ఈ చివరిది అన్నిటికంటే మంచి కానుక. సెంటు సీసా, లైటర్ లాంటి మండేవి పోస్టులో తీసుకోరు. కండలు పెంచే పొడులు, మాత్రలు వద్దేవద్దు. ప్రైవేటు కొరియర్ గేటు దగ్గరే ఆగిపోతుంది, పోస్టాఫీసు మేలు.

అతన్ని కలవడానికి రావచ్చా?

ఎప్పుడు రానిస్తారో, ఎవరిని రానిస్తారో అతను ముందే అడిగి చెప్పాలి. చెప్పకుండా వచ్చి గేటు దగ్గర నిలబడితే చాలాసార్లు అలాగే తిరిగి వెళ్లాలి. అసలు ఆధార్ కార్డు తెచ్చుకోండి, ఫోన్‌లో ఫొటో చాలదు.

గేటు రిజిస్టర్‌లో "సంబంధం" అని ఒక గడి ఉంటుంది. అక్కడ "చెల్లెలు" అని రాసేవాళ్లు కొల్లలు. రాయకండి. కసమ్ పరేడ్‌కు (ట్రైనింగ్ చివర ప్రమాణం చేసే పరేడ్‌కు) అసలు చెల్లెలు వచ్చినప్పుడు పాత పేజీ తిప్పితే ఇద్దరికీ తలవంపులు, అబద్ధం రాసినందుకు అతనికి శిక్ష అదనం. నిజంగా మేనమామ కూతురైతే అదే రాయండి. కాకపోతే స్నేహితురాలు అనండి. అన్నిటికంటే మేలు, అతని అమ్మానాన్నలతో కలిసి రావడం. వాళ్లతో మీ సంగతి ఇంకా తేలలేదా? అయితే గేటు దగ్గర తేల్చుకోవద్దు.

దారి సంగతి. గోల్కొండ సెంటర్‌కు మెహదీపట్నం మీదుగా రావాలి. తిరుమలగిరి వైపు సెంటర్లకు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర. టికెట్ తీసేటప్పుడు రైలు ఎక్కడ ఆగుతుందో చూడండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచాక కొన్ని రైళ్లు అక్కడికే పరిమితమయ్యాయి. చర్లపల్లి నగరానికి ఆ చివర, గోల్కొండ ఈ చివర. పొద్దున దిగి రెండు గంటలు చేతిలో ఉంచుకోండి.

ఆషాఢంలో వస్తుంటే ఇంకో లెక్క. నగరంలో బోనాలు మొదలయ్యేదే గోల్కొండ కోటలో, అక్కడ గురు, ఆదివారాల్లో పూజలు. ఆ ఆదివారం కోట చుట్టూ రోడ్లు ఇసుక వేస్తే రాలవు, ఆటో సగం దూరంలోనే దింపేస్తుంది. అతనికి అవుట్‌పాస్ (బయటికి వెళ్లే అనుమతి) దొరికినా అదే చిక్కు: తిరిగి చేరాల్సిన టైముకు గంటన్నర ముందే టోలిచౌకి దాటేయాలి. ట్రాఫిక్ అన్న సాకు గార్డ్ రూమ్‌లో చెల్లదు.

కసమ్ పరేడ్‌కు నేనూ రావచ్చా?

పిలుపు ఇంటివాళ్లకు. పేర్లు ముందే ఇవ్వాలి, పరిమితి ఉంటుంది. చాలా సెంటర్లలో ఆ రోజు తల్లిదండ్రుల మెడలో గౌరవ్ పదక్ అనే పతకం వేస్తారు, ఆ క్షణం వాళ్లది. వచ్చే అవకాశం ఉంటే వెనక వరసలో కూర్చోండి, పరేడ్ అయ్యాక అతను అమ్మానాన్నల కాళ్లకు దండం పెట్టేదాకా ఆగండి. టోపీలు, జుట్టు, నడక అన్నీ ఒక్కలాగే ఉండటంతో మైదానంలో అతన్ని గుర్తుపట్టడం కష్టం. ఏ వరసలో ఎన్నోవాడో ముందు ఆదివారం ఫోన్‌లోనే అడిగి పెట్టుకోండి.

యూనిఫాంలో ఉన్న అతని ఫొటో స్టేటస్ పెట్టుకోవచ్చా?

వద్దు. 2020 జూలైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను తీసేయమని ఆర్మీ తన మనుషులను ఆదేశించింది. అమ్మాయి పేరుతో ప్రొఫైల్ పెట్టి సైనికుల దగ్గర సమాచారం లాగే పద్ధతి చాలా ఏళ్లుగా నడుస్తోంది. మీ రీల్ చూసి, మీ ఫొటోలే దొంగిలించి, మీ పేరుతోనే అతనికి కొత్త ఖాతా నుంచి సందేశం రావచ్చు. "ఫోన్ పోయింది, ఇది కొత్త నంబరు" అని ఎవరైనా రాస్తే నమ్మకుండా, మీ ఇద్దరికే తెలిసిన ఒక ప్రశ్న ముందే అనుకుని ఉంచుకోండి. లైవ్ లొకేషన్ పంపమని అతన్ని ఎప్పుడూ అడగకండి.

జీతం మొదలైంది కదా, పెళ్లి ఎప్పుడు చేసుకోవచ్చు?

అగ్నివీర్‌గా చేరేటప్పుడు పెళ్లికాని వారై ఉండాలి. నాలుగేళ్ల తర్వాత పర్మినెంట్ కేడర్‌లోకి వెళ్లాలనుకుంటే ఆ ఎంపిక అయ్యేదాకా పెళ్లి మాట ఎత్తకూడదు. ఎంపికయ్యేది కూడా బ్యాచ్‌లో 25 శాతం దాకానే. గుళ్లో రహస్యంగా దండలు మార్చుకుని ఊరుకుందామన్న ఆలోచన మంచిది కాదు. ఆ దండల ఫొటో ఎవరి ఫోన్‌లోనో ఉంటుంది. పైగా చట్టం ప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి, పదిహేడున్నరకే చేరిన కుర్రాళ్లకు ఆ తొందర ఎలాగూ తీరేది కాదు.

మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 9,000 సేవా నిధికి (నాలుగేళ్ల చివర చేతికొచ్చే పొదుపుకు) పోగా చేతికి 21,000. ఆమెకు ఫోన్ కొనిచ్చే ముందు ఇంట్లో అప్పుందేమో చూడండి. ఆమె ఇంట్లో తెలియకుండా వచ్చిన ఖరీదైన ఫోన్ ఆమెకు కానుక కాదు, గొడవ.

మా ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అతనికి చెప్పాలా, ట్రైనింగ్ పాడవుతుందని దాచాలా?

చెప్పండి, ఉన్నది ఉన్నట్టు. వేరేవాళ్ల ద్వారా తెలిస్తే నష్టం ఎక్కువ. కానీ "వెంటనే వచ్చెయ్" అనకండి, అతను రాలేడు. ఏం జరిగింది, మీరు ఇంట్లో ఏమన్నారు, ఎప్పటిదాకా ఆపగలరు: ఈ మూడూ చెప్పండి. అటు అతను చేయగలిగింది ఒక్కటే, తన అమ్మానాన్నలకు ఉత్తరం రాసి వాళ్లను మాట్లాడమనడం. వాళ్లు మీ పెద్దవాళ్ల దగ్గరికి వస్తే అబ్బాయి లేకుండానే పని నడుస్తుంది. వాళ్లు కూడా "గవర్నమెంటు ఉద్యోగం, జీవితాంతం ఢోకా లేదు" అని చెప్పకూడదు. నాలుగేళ్ల లెక్క అవతలివాళ్లకూ తెలుసు.

ఆమె ఉత్తరాలు ఆగిపోయాయి.

మొదట అంకెలు చూడండి, ఏ ఉత్తరం తర్వాత ఆగాయో. పరీక్షలా, ఊరు వెళ్లారా, ఉత్తరం ఇంట్లో పెద్దవాళ్ల చేతికి చిక్కిందా? మూడు వారాలు ఆగి ఒకే ఒక్క ఉత్తరం రాయండి, నిలదీయకుండా. స్నేహితుడిని ఆమె ఇంటి మీదికి నిఘాకు పంపకండి.

నిజంగానే వద్దనుకుందని తేలితే, ఆ రోజు బడ్డీకి చెప్పండి. ఒంటరిగా ఉండకండి, రాత్రి సెంట్రీ ఉంటే మార్చమని హవల్దార్‌ను అడగండి. వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు, మీరనుకున్నంత నవ్వరు.

విడిపోవాలనుకుంటున్నది నేనే. ట్రైనింగ్ అయ్యేదాకా ఆగాలా?

ఒకటి రెండు వారాలు ఆగొచ్చు, నెలల తరబడి నటించొద్దు. ఫైరింగ్, ఒంటి సత్తా చూసే టెస్టుల వారం తప్పించి, ఆదివారం ఫోన్ మొదట్లోనే చెప్పండి. అతను మాట్లాడటానికి టైము మిగలాలి. తర్వాత ఉత్తరంలో కారణాలు రాయండి. "ఆశ పెట్టుకో" అన్నట్టు ధ్వనించే చివరి వాక్యం మాత్రం వద్దు.

అతనికి ఏమైనా అయితే నాకు ఎవరు చెబుతారు?

ఆర్మీ చెప్పదు. రికార్డుల్లో ఉన్న దగ్గరి బంధువుకే, అంటే మామూలుగా అమ్మకో నాన్నకో కబురు వెళ్తుంది. అందుకే అతని ఇంట్లో ఒక్కరికైనా మీ నంబరు తెలిసి ఉండాలి. అక్కో, వదినో, పెద్దమ్మ కొడుకో, నోరు జారని మనిషి. ఈ పని రైలెక్కేముందే చేయండి.

ట్రైనింగ్ అయ్యాక అడ్రసు మారుతుందా?

మారుతుంది. కసమ్ తర్వాత కొన్నాళ్ల సెలవు, అక్కడి నుంచి యూనిట్‌కు. ఫీల్డ్‌లో ఉంటే అడ్రసులో ఊరి పేరే ఉండదు: నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, "కేరాఫ్ 56 ఏపీఓ" లేదా "కేరాఫ్ 99 ఏపీఓ" (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు), 9తో మొదలయ్యే పిన్. లదాఖ్ అయినా, అరుణాచల్ అయినా బిళ్ల అదే 5 రూపాయలు. "ఎక్కడో తెలిసింది కదా" అని కవరు మీద ఊరి పేరు కలిపి రాయకండి. గోల్కొండ అడ్రసుకు ఆఖరి ఉత్తరం కసమ్‌కు పది రోజుల ముందే పోస్టు చేయండి. ఆలస్యంగా వేసింది అతను సెలవులో మీ ఊళ్లోనే తిరుగుతున్నప్పుడు సెంటర్లో దిగుతుంది.